షట్టర్ మోటర్ మనమే చూసుకుందాం – 4వ పాఠం: చప్పుడును లెక్కపెట్టడం

ముందు నా తప్పు ఒప్పుకోవాలి. పోయిన పాఠంలో "ఎక్కడ రాసుకుంటుందో అక్కడ గ్రీజు పెట్టండి" అని ఒక్క ముక్క రాసి ముందుకు పోయాను. నా మనసులో ఉన్నది బేరింగులు, చెయిన్. రాసుకునేది అంటే మీకు ముందు కనిపించేది అటూ ఇటూ ఉన్న గైడ్ చానల్, అంటే షట్టర్ రేకు పట్టీలు పైకీ కిందికీ జారే గాడి. కాబట్టి చాలామంది అందులో దట్టంగా పట్టించేశారు. పది రోజుల నుంచి ఫోన్లన్నీ ఒకటే పాట: "అన్నా, నువ్వు చెప్పినట్టే గ్రీజు పెట్టిన. మొదలు రెండు రోజులు మంచిగనే ఉండె. ఇప్పుడు ముందటికన్నా ఎక్కువ సప్పుడైతున్నది."

ఈసారి లిమిట్ సెట్టింగ్, అంటే మోటర్ పైనా కిందా ఎక్కడ ఆగాలో పెట్టడం, చెప్పాలనుకున్నాను. అది తర్వాత చూద్దాం. ముందు ఈ గ్రీజు సంగతి తేలాలి.

మొన్న వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక అడ్తి దుకాణానికి పోయాను. పన్నెండు అడుగుల వెడల్పు షట్టర్, పక్కన చెయిన్ మోటర్. స్విచ్ నొక్కితే రోట్లో ఇసుక నూరినట్టు చప్పుడు. కరెంటు పోయేలా ఎంసీబీ స్విచ్ దించి, పాత ఏటీఎం కార్డుతో గైడ్ లోపల గీకాను. కార్డు అంచుకు నల్లటి ముద్ద వచ్చింది. వేళ్ల మధ్య నలిపి చూస్తే గరగర. వెలుతురులో పెడితే అందులో మెరిసే ఇసుక, పత్తి పోగులు, రెండు మిరప గింజలు. పక్కన నిలబడి చూస్తున్న గుమాస్తాకు తుమ్ముల మీద తుమ్ములు.

ఇదీ అసలు జరిగేది. గ్రీజు జిగట. గైడ్ చానల్ నోరు తెరుచుకుని ఉంటుంది, దాని ముందు నుంచే రోడ్డు దుమ్మంతా పోతుంది. ఎనుమాములలో పత్తి, మిరప పొడి. కరీంనగర్ వైపైతే గ్రానైట్ పొడి, గోదావరిఖనిలో బొగ్గు దుమ్ము. ఏది వచ్చినా గ్రీజు వదలదు. రెండు రోజులు నున్నగా జారుతుంది, మూడో రోజుకు ఆ ముద్ద గరుకు కాగితంలా మారి ఒకపక్క పట్టీల అంచులను, మరోపక్క చానల్ మీది జింకు పూతను గీకడం మొదలుపెడుతుంది. పూత పోయిన చోట వానాకాలం తుప్పు. తుప్పు పట్టాక ఇంకా బిగుసుకుంటుంది. దాన్ని చూసి మీరు ఇంకో డబ్బా గ్రీజు తెస్తారు.

బండి ఇంజిన్‌లోంచి తీసిన పాత ఆయిల్ పోసిన వాళ్లూ ఉన్నారు. అందులో ముందే ఇనుప రజను ఉంటుంది, దాని గురించి నేను మాట్లాడను. కొబ్బరినూనె పోసిన వదినెకు మాత్రం ఒక మాట: చలికాలం పొద్దున అది సీసాలో ఎలా గడ్డకడుతుందో మీకు తెలుసు, గైడ్‌లోనూ అంతే. తుప్పు వదిలించే స్ప్రే కూడా ఇక్కడికి పనికిరాదు. బిగిసిన బోల్టు ఊడదీయడానికి మంచిదే కానీ ఎక్కువ భాగం ఆరిపోతుంది, పది రోజులు నిలవదు.

పెట్టేసిన వాళ్లు ఇప్పుడు చేయాల్సింది: షట్టర్ పూర్తిగా పైకెత్తి, ఎంసీబీ దించి, ప్లాస్టిక్ కార్డుతో పైనుంచి కిందికి గీకండి. స్క్రూడ్రైవర్‌తో వద్దు, పూత లేచిపోతుంది. తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన నీళ్లలో గుడ్డ ముంచి తుడవండి, ఆపైన పొడిగుడ్డ. బాగా ఆరాక సిలికాన్ స్ప్రే పలచగా కొట్టండి. ఆరాక చేతికి అంటకూడదు, అదే గుర్తు. నేనైతే మైనపు కొవ్వొత్తి రుద్దుతాను. పది రూపాయల పని, పైగా నాకు ఆ జారుడే ఇష్టం. కానీ షట్టర్ పడమర ముఖం ఉంటే కొవ్వొత్తి వద్దు. మన మే నెల ఎండకు రేకు కాలిపోయి మైనం మెత్తబడుతుంది, మళ్లీ దుమ్ము అంటుతుంది.

గ్రీజు బేరింగుకు, నూనె చెయిన్‌కు, గైడ్‌కు రెండూ వద్దు. ఇక దీని మీద ఫోన్ చేయకండి.

అసలు పాఠానికి వద్దాం. చప్పుడు వినగానే డబ్బా పట్టుకోవడం మానేసి, అది ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. నా దగ్గర పని నేర్చుకునే పిల్లగాళ్లకు మొదటి నెలంతా నేను చేయించేది ఇదే.

మామూలు షట్టర్ ఎనిమిదడుగుల ఎత్తు, పట్టీ సుమారు మూడంగుళాలు. అంటే ముప్పై రెండు పట్టీలు అటూ ఇటూగా. మొత్తం పైకి పోయేసరికి, పైన షట్టర్ చుట్టుకునే పైపు మూడు నాలుగు చుట్లే తిరుగుతుంది. ఈ రెండు అంకెలు గుర్తుంటే సగం పని అయినట్టే.

టక్ మనే చప్పుడు మూడు నాలుగు సార్లే వస్తే, మధ్యలో ఎడం ఎక్కువగా ఉంటే, అది చుట్టుకొకసారి వస్తున్నట్టు. తప్పు పైపు దగ్గర ఉంది. బేరింగ్ అరిగిందో, పళ్ల చక్రం బోల్టు వదులైందో, పైపుకు పట్టీలు బిగించిన చోట కదులుతోందో.

ముప్పై సార్లు టకటకలాడితే? ఇక్కడే అందరూ బోల్తా పడతారు. "పట్టీలన్నీ పోయినయ్, మార్చాలె" అని ఎవరో ఒకరు చెప్తారు, మీరు వేలకు వేలు పోస్తారు. ఆగండి. ముప్పై పట్టీలు ఒకేసారి ఎలా చెడతాయి?

కాజీపేట స్టేషన్‌లో ప్లాట్‌ఫారం చివర నిలబడ్డారనుకోండి. మీ ఎదుట పట్టాకు ఒక అతుకు ఉంది. గూడ్స్ బండి పోతుంటే దాని మీదికి వచ్చిన ప్రతి చక్రమూ టక్ మంటుంది. రెండు వందల చక్రాలుంటే రెండు వందల టక్కులు. చక్రాలన్నీ చెడిపోయాయా? లేదు. అతుకు ఒక్కటే, అది ఉన్నది పట్టాలో. అదే బండిలో ఒక్క చక్రం అరిగి చదునై ఉంటే దాని దబదబ దూరం నుంచి దగ్గరికొచ్చి, మిమ్మల్ని దాటి, బండితోపాటే పోతుంది. ఒకటి ఉన్నచోటే ఉండి మోగుతుంది, ఇంకొకటి కదులుతూ మోగుతుంది.

షట్టర్ నిలబెట్టిన రైలు అనుకోండి. గైడ్ పట్టా, పట్టీలు చక్రాలు. ముప్పై సార్లు మోగితే తప్పు గైడ్‌లో ఒక్కచోట ఉంది, ప్రతి పట్టీ దానికి తగిలి పోతోంది. ఒక్కసారి మోగి ఊరుకుంటే, లేదా ఒక గీరుడు మొదలై సగం ఎత్తుకు వచ్చాక ఆగిపోతే, తప్పు ఏదో ఒక్క పట్టీది. ఆ పట్టీ గైడ్ వదిలి పైన చుట్టుకోగానే చప్పుడు ఆగుతుంది. ఆగిన క్షణంలో స్విచ్ ఆపి పైన చూడండి, అప్పుడే లోపలికి పోయిన రెండు మూడు పట్టీల్లోనే దొంగ ఉంటాడు.

హనుమకొండ నయీంనగర్‌లో ఒక కిరాణా కొట్టు. ముప్పై టక్కులు. పట్టీలు మార్చడానికి బేరం కూడా అయిపోయింది. గైడ్‌ను గోడకు బిగించిన బోల్టు ఒకటి వదులై దాని తల లోపలికి పావు అంగుళం పొడుచుకొచ్చింది. పానాతో ఒక చుట్టు. అంతే. సుబేదారిలో ఒకచోట కారు తగిలి గైడ్ లోపలికి నొక్కుకుపోయింది. హంటర్ రోడ్డులో ఒక ఇంటికి పైన గైడ్ నోరు మూసుకుంది. పట్టీ లోపలికి దిగేచోట ఆ నోరు కొంచెం విచ్చుకుని ఉండాలి, అక్కడ చెక్క మేకు పెట్టి మెల్లగా విప్పితే సరిపోయింది. ములుగు రోడ్డులో ఒకాయనకు మాత్రం నేనే తప్పు చెప్పాను. చప్పుళ్లు మూడే, పైపు బేరింగ్ అనుకుని మార్పించాను. తీరా చూస్తే పైన పైపును కప్పే రేకు డబ్బా స్క్రూ ఊడి, పైపు చుట్టు తిరిగినప్పుడల్లా ఆ కదలికకు రేకు మోగుతోంది. బేరింగ్ డబ్బులు తిరిగిచ్చాను. అప్పటినుంచి మొదట రేకు డబ్బాను అరచేత్తో తట్టి చూసిన తర్వాతే మిగతా ఏదైనా.

గైడ్‌లో చోటు దొరక్కపోతే సుద్దముక్క వాడండి. రెండు గైడ్ల లోపలి గోడలకూ పైనుంచి కింది దాకా రంగు సుద్ద రుద్దండి. షట్టర్ ఒకసారి దించి ఎత్తండి. ఎక్కడ సుద్ద పూర్తిగా తుడిచిపెట్టుకుపోయి లోహం మెరుస్తుందో అక్కడ రాసుకుంటోంది. ఫోన్ టార్చి పక్కనుంచి కొడితే ఇంకా తేటగా కనిపిస్తుంది. ఒకే గైడ్‌లో పొడవునా మెరిస్తే ఒక పట్టీ ఆ పక్కకు జరిగినట్టు. దాన్ని కళ్లెత్తు దాకా తెచ్చి, ఎంసీబీ దించి, అంచుకు చెక్కముక్క ఆనించి సుత్తితో కొంచెం కొంచెంగా లోపలికి కొట్టండి. నేరుగా సుత్తితో కొడితే అంచు మడతపడుతుంది, అప్పుడు ఇంకో చప్పుడు.

మిగతావి త్వరగా. మోటర్ ఊఁ అంటూ మూలుగుతూ కదలకపోతే వెంటనే స్విచ్ మీది చెయ్యి తీయండి. ఫ్యాన్‌కు మార్చినట్టే కండెన్సర్ మార్చాల్సి రావచ్చు, లేదా సాయంత్రం పూట వోల్టేజీ పడిపోయి ఉండొచ్చు. కండెన్సర్‌లో కరెంటు తీసేశాక కూడా చార్జి ఉంటుంది, దాన్ని ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి. కిందికి వచ్చాక దబ్బుమంటే లిమిట్. వచ్చే పాఠం. షట్టర్ మామూలుగానే ఉండి పైన పడకగదిలో గోడ గుయ్యిమంటే బ్రాకెట్ బోల్టులు, అవి బిగించి రబ్బరు వాషర్ వేయించండి. చెయిన్ తపతపలాడితే బండి చెయిన్‌లాగే బిగించండి, కొంచెం ఆట మాత్రం ఉంచాలి. తీగలా లాగి కడితే బేరింగ్ తినేస్తుంది.

విల్లాలకు పెట్టే, పలకలు పలకలుగా మడిచి సీలింగు కిందికి పోయే గ్యారేజీ తలుపుల గురించీ ఇద్దరు అడిగారు. లెక్క అదే. దాంట్లో పట్టీల బదులు చిన్న చక్రాలు పట్టాలో తిరుగుతాయి. పట్టాకు గ్రీజు వద్దు, చక్రాల ఇరుసులకూ పలకల మధ్య బందులకూ చుక్క నూనె. ఇనుప చక్రాలుంటే నైలాన్‌వి వేయించుకోండి, సగం గోల అక్కడే తగ్గుతుంది.

స్ప్రింగులను మాత్రం ముట్టుకోవద్దు. షట్టర్‌ది కానీ గ్యారేజీది కానీ. తలుపు బరువంతా మోసే బిగువు అందులో చుట్టి ఉంటుంది, బోల్టు వదులైతే చెయ్యి విరుగుతుంది. చూడొచ్చు, వినొచ్చు, అంతవరకే.

ఇంకో ఇద్దరు ముగ్గురు టెన్షన్ పడి ఫోన్ చేశారు: "పది సార్లు ఎత్తి దించి చూసిన, మోటర్ కాలిపోయింది." కాలిపోలేదు. ఈ మోటర్లు ఆగకుండా నడిచేవి కావు, వేడెక్కితే లోపలి రక్షణ స్విచ్ ఆపేస్తుంది. అరగంట వదిలేస్తే మళ్లీ నడుస్తుంది. అందుకే కింద చెప్పిన అభ్యాసం ఒక్క పూటలో ముగించకండి.

అభ్యాసం ఏడు రోజులు. రోజుకు రెండుసార్లు, పొద్దున చల్లగా ఉన్నప్పుడూ మధ్యాహ్నం ఎండలోనూ. ప్రతిసారీ ఒక్కసారే ఎత్తండి, ఒక్కసారే దించండి. ఫోన్ షట్టర్‌కు మూడడుగుల దూరంలో ఒకేచోట పెట్టి రికార్డు చేయండి. ఎత్తేటప్పుడు ఎన్ని చప్పుళ్లు, దించేటప్పుడు ఎన్ని, విడివిడిగా రాయండి. రెండింటికీ తేడా ఉంటే అదీ రాయండి. నాలుగో రోజు సుద్ద పరీక్ష. ఈ ఏడు రోజుల్లో నూనె చుక్క కూడా వేయకూడదు, ఎంత గోల చేసినా. ఇంట్లో వాళ్లు తిడితే నా పేరు చెప్పండి.

నాకు పంపేటప్పుడు మొదటి వరుసలో మూడు అంకెలు ఉండాలి: షట్టర్ ఎత్తు, పట్టీలు ఎన్ని, పైపు ఎన్ని చుట్లు తిరిగింది. పట్టీలను అంచనా వేయకండి, షట్టర్ దించి వేలు పెట్టి ఒక్కొక్కటీ లెక్కపెట్టండి. పోయినసారి ఒకాయన నలభై అని రాశాడు, పోయి చూస్తే ఇరవై తొమ్మిది.