ఆదికాండం సొంతంగా చదువుదాం – 3వ పాఠం: పితరుల వయసుల లెక్క

బైబిలు మొదటి పుస్తకమైన ఆదికాండంలో పితరులంటే అబ్రాహాము, అతని కొడుకు ఇస్సాకు, మనవడు యాకోబు. పోయిన పాఠంలో ఇచ్చిన ప్రశ్నతో మొదలుపెడదాం. అబ్రాహాము భార్య శారా చనిపోయేనాటికి వాళ్ల కొడుకు ఇస్సాకు వయసెంత? అబ్రాహాముకు నూరేళ్లు, శారాకు తొంభై ఏళ్లు ఉన్నప్పుడు ఇస్సాకు పుట్టాడు. శారా 127 ఏళ్లు బతికింది. కాబట్టి అప్పటికి ఇస్సాకుకు 37. రిబ్కాను పెళ్లాడింది 40వ ఏట. ఆమె వచ్చాకే తల్లి పోయిన దుఃఖం తీరిందని 24వ అధ్యాయం చివర ఉంటుంది. ఆ దుఃఖం మూడేళ్లు మోశాడని లెక్క కడితే గానీ తెలియదు.

ఇప్పుడు నోటుబుక్కులో ఒక గీత గీయండి. అబ్రాహాము పుట్టిన ఏడాది 0. ఇస్సాకు 100. ఇస్సాకు అరవయ్యో ఏట ఏశావు, యాకోబు పుట్టారు (25:26, అంటే 25వ అధ్యాయం 26వ వచనం) కనుక వాళ్లు 160. అబ్రాహాము 175 ఏళ్లు బతికాడు (25:7). అంటే తాత పోయేనాటికి మనవళ్లకు పదిహేనేళ్లు! గ్రంథంలో మాత్రం తాత సమాధి ముందు వస్తుంది, కవలల పుట్టుక తర్వాత. ఒకరి కథ పూర్తి చేశాకే ఇంకొకరి కథ ఎత్తుకోవడం ఆదికాండం పద్ధతి.

యాకోబు కొడుకు యోసేపు దగ్గర కాస్త ఓపిక పట్టాలి. అతను పుట్టినప్పుడు యాకోబు వయసెంతో నేరుగా రాసి లేదు, వెనక్కి లెక్కించాలి. ఐగుప్తు (ఈజిప్టు) రాజైన ఫరో ముందు నిలిచినప్పుడు యోసేపుకు 30 (41:46). ఆపైన ఏడేళ్లు సమృద్ధి, రెండేళ్లు కరువు (45:6). మొత్తం 39. ఆ రోజుల్లోనే ఐగుప్తుకు వచ్చిన యాకోబు తనకు 130 ఏళ్లని ఫరోతో చెప్పాడు (47:9). 130లోంచి 39 తీసేస్తే 91. గీత మీద యోసేపు 251. ఒక ఏడాది అటూ ఇటూ అయినా ఫర్వాలేదు.

అన్నలు యోసేపును అమ్మేసినప్పుడు అతనికి పదిహేడేళ్లు, అంటే 268. ఇస్సాకు 180 ఏళ్లు, అంటే 280 దాకా బతికాడు. ఆయన మరణం 35వ అధ్యాయంలోనే చదివేస్తాం కాబట్టి, యోసేపును అమ్మేసిన 37వ అధ్యాయానికి వచ్చేసరికి ఆయన లేడనుకుంటాం. ఉన్నాడు. ఒకప్పుడు మేకపిల్లల చర్మం చేతులకు కప్పుకుని చూపు మందగించిన తండ్రిని మోసం చేసిన యాకోబు, మేకపిల్ల రక్తంలో ముంచిన యోసేపు అంగీ చూసి, కొడుకు చనిపోయాడనుకుని తానే మోసపోయాడు. అలా బట్టలు చింపుకుని ఏడ్చిన నాటికి ఆ తండ్రి ఇంకా బతికే ఉన్నాడు. నాకు ఈ గీత గీయడంలో దొరికిన అతి పెద్ద సంగతి ఇదే.

ఈ గీతతో క్రీస్తుపూర్వం ఫలానా సంవత్సరం అని తేల్చాలని మాత్రం చూడకండి. కథలో ఎవరు ఎవరి కాలంలో ఉన్నారో చూడటానికే ఇది.

వచ్చే పాఠానికి ప్రశ్న: యాకోబు ఇల్లు వదిలి హారానుకు పారిపోయినప్పుడు వయసెంత? 30:25, 31:41 పక్కపక్కన పెట్టి చదవండి. హారానులో మేనమామ లాబాను దగ్గర పద్నాలుగేళ్ల కొలువు యోసేపు పుట్టేసరికి తీరిందనుకుని లెక్క వేయండి.