పాత కంప్యూటర్లు, ఫోన్లు చట్టప్రకారం వదిలించుకోవడం ఎలా?

ఆఫీసుల్లో మూలపడ్డ కంప్యూటర్లు, ప్రింటర్లు బయటికి పంపే పని చాలా ఏళ్లుగా నా నెత్తినే పడుతోంది. ఇందులో అందరూ దెబ్బతినేది ఒకే చోట. స్టోర్ రూమ్ ఖాళీ అయితే చాలనుకుని, నాలుగు రూపాయలు ఎక్కువిస్తానన్నవాడి ఆటోలోకి అన్నీ ఎత్తించేసి చేతులు దులుపుకుంటారు. రెండేళ్ల తర్వాత ఆడిట్‌లో ఎవరైనా "ఆ ఎనభై మానిటర్లు ఏమయ్యాయి?" అని అడిగితే అప్పుడు మొదలవుతుంది టెన్షన్. ఇంట్లో రెండు పాత ఫోన్లు, ఒక పాడైన మిక్సీ ఉన్నవాళ్లూ ఇదే వరసలో చేసుకోవచ్చు, కాకపోతే వాళ్లకు కాగితాల గొడవ తక్కువ.

సామాను పెద్దగా ఏమీ అక్కర్లేదు. గట్టి అట్టపెట్టెలు, ఇన్సులేషన్ టేపు, మార్కర్ పెన్ను, లెక్క రాసుకోవడానికి ఎక్సెల్ షీటో నోటుబుక్కో, పొడి ఇసుక పోసిన ఒక ఇనప డబ్బా. ఇసుక ఎందుకో కింద చెబుతాను.

1. ముందు విడదీయండి

వాడి మూలపడేసిన ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్ వస్తువులనే ఈ-వ్యర్థాలు, ఈ-వేస్ట్ అంటారు. వాటికి ఇప్పుడు నడుస్తున్నవి 2022 ఈ-వ్యర్థాల నిర్వహణ నిబంధనలు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. పాత నిబంధనల జాబితాలో 21 రకాల వస్తువులు ఉండేవి, ఇప్పుడు 106. ఫ్రిజ్, ఏసీ, వాషింగ్ మెషిన్ పాత జాబితాలోనే ఉన్నాయి, ఇప్పుడు బ్యాటరీ బొమ్మలు, వైద్య పరికరాలు, ఆఖరికి సోలార్ ప్యానెళ్లు కూడా అందులోకి వచ్చాయి. జాబితా బట్టీ పట్టక్కర్లేదు, ప్లగ్గుతోనో బ్యాటరీతోనో నడిచేదైతే ఈ-వేస్ట్ అనుకోండి, దాదాపు ఎప్పుడూ తప్పు పోరు. చక్రాల చెత్తడబ్బా బొమ్మ మీద ఇంటూ గుర్తు కొట్టి ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు.

పనిచేసేవి ఒక పక్క, పనిచేయనివి ఒక పక్క పెట్టండి. పనిచేయనివాటిని "బడికి దానం" పేరుతో అంటగట్టేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి. ఆన్ కాని కంప్యూటర్ ఇస్తే మీ చెత్తను వాళ్ల నెత్తిన పెట్టినట్టే.

2. లెక్క రాయండి

వస్తువు, కంపెనీ, సీరియల్ నంబరు, ఎప్పుడు మూలపడింది. అంతే. నేనైతే ప్రతిదానికీ ఫొటో కూడా తీస్తాను, మీరూ తీయండి.

ఆఫీసు నడిపేవాళ్లు ఇక్కడ ఒక సంగతి చూసుకోవాలి. ఒక ఆర్థిక సంవత్సరంలో ఎప్పుడైనా సరే జాబితాలోని వస్తువులు కనీసం 1000 వాడిన సంస్థను నిబంధనలు "బల్క్ కన్స్యూమర్" అంటాయి. ఆ సంస్థ తన ఈ-వేస్ట్‌ను రిజిస్టర్ అయిన ఉత్పత్తిదారుకో (తన బ్రాండు పేరుతో అమ్మే కంపెనీ), రిఫర్బిషర్‌కో (పాతవి బాగుచేసి మళ్లీ వాడకానికి తెచ్చేవాళ్లు), రీసైక్లర్‌కో మాత్రమే ఇవ్వాలి. చాలామంది కంప్యూటర్లు మాత్రం లెక్కపెట్టి "మావి నాలుగొందలే, మాకు వర్తించదు" అంటారు. టెలిఫోన్లు, ప్రింటర్లు, ఏసీలు, ఫ్రిజ్‌లు ఎవరు లెక్కపెడతారు? అన్నీ కలిపితే వెయ్యి దాటడం ఎంతసేపు?

ఈ-వేస్ట్‌ను 180 రోజులకు మించి నిల్వ ఉంచుకోకూడదనే గడువు తయారీదారులకు, ఉత్పత్తిదారులకు, రిఫర్బిషర్లకు, రీసైక్లర్లకు పెట్టారు. నేను మాత్రం నా స్టోర్ రూమ్‌కీ అదే గడువు పెట్టుకున్నాను. అంతకు మించి దాచినది "ఎప్పటికైనా పనికొస్తుంది" అనే జబ్బు కిందికే వస్తుంది.

3. డేటా తుడవండి

ఫోనైతే ముందు అకౌంట్ నుంచి లాగౌట్ అయి, ఆ తర్వాత ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఈ వరస తిరగేస్తే ఫోన్ మీ అకౌంట్‌కే తాళం పడి ఉండిపోతుంది, బాగుచేసి వాడుకునేవాళ్లకు అది రాయితో సమానం. సిమ్, మెమరీ కార్డు తీయడం మర్చిపోకండి. పాత హార్డ్ డిస్క్‌లో డిలీట్ కొట్టడం, క్విక్ ఫార్మాట్ చేయడం తుడవడం కాదు, డిస్క్ మొత్తం మీద ఒకసారి సున్నాలు రాయించాలి. ఎస్‌ఎస్‌డీకి (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌ల మీద నడిచే కొత్తరకం డిస్క్) ఆ పద్ధతి నమ్మకం కాదు, ఎందుకంటే ఎక్కడ రాయాలో దాని లోపలి కంట్రోలరే తేలుస్తుంది, పాత ముక్కలు మనకు కనిపించని చోట మిగిలిపోతాయి. దాంట్లోనే ఉండే సెక్యూర్ ఎరేజ్ ఆదేశం వాడండి. పెద్ద ఫొటోకాపీ మెషిన్లలో కూడా హార్డ్ డిస్క్ ఉంటుందని ఎవరికీ గుర్తుండదు, అదీ చూడండి. జనం వివరాలు సేకరించే సంస్థలైతే, ఆ వివరాలను కాపాడే బాధ్యతను 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం తమ మీదే పెట్టిందని మర్చిపోకూడదు. అలాగని సుత్తి పట్టుకుని అన్నీ పగలగొట్టేయడం నాకు నచ్చదు. మళ్లీ వాడుకోదగ్గ డిస్క్‌ను పాడుచేసి, ముక్కలు ఏరుకునే పని ఇంకొకరికి పెట్టడమే అది.

4. బ్యాటరీలు వేరే

బ్యాటరీలు ఈ-వేస్ట్ నిబంధనల కిందికి రావు, వాటికి 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు వేరే ఉన్నాయి. మామూలు వినియోగదారుడు కూడా వాడేసిన బ్యాటరీని ఇంటి చెత్తలో కలపకుండా విడిగా పెట్టి, సేకరించేవాళ్లకో రీసైకిల్ చేసేవాళ్లకో అప్పగించాలని అందులోనే ఉంది. అంటే గోడ గడియారం సెల్లు చెత్తడబ్బాలో వేసినా తప్పే. సులువుగా ఊడివచ్చే బ్యాటరీలు తీసి, కొనలకు టేపు అంటించి విడి డబ్బాలో పెట్టండి. ఊడిరానివాటిని పీకకండి. ఉబ్బిన లిథియం బ్యాటరీ కనిపిస్తే నొక్కడం, గుచ్చడం, ఛార్జింగ్ పెట్టి చూడటం లాంటి వేషాలు వద్దు, అది ఒక్కసారి అంటుకుంటే దానంతట అదే వేడెక్కుతూ పోతుంది, వచ్చే పొగ కూడా విషమే. ఆ ఇసుక డబ్బా దీనికోసమే. అందులో పెట్టి, కాలే వస్తువులేవీ లేని చోట ఉంచి, తీసుకెళ్లేవాళ్లకు ముందుగానే చెప్పండి.

5. ఎవరికి ఇస్తున్నారు?

పైవన్నీ గంటల్లో తేలిపోయే పనులు. ఇక్కడ మాత్రం తొందరపడకండి, నేను చూసిన గొడవలన్నీ ఇక్కడ పుట్టినవే.

ముందు ఒక మాట. పాత సామాన్లు కొనేవాళ్ల మీద నాకు కోపమేమీ లేదు, పేపర్లు, ఇనుము, సీసాలు వాళ్లకే ఇస్తాను. ఈ-వేస్ట్ సంగతి వేరు. వాళ్ల చేతికి వెళ్లిన కంప్యూటర్ చివరికి ఢిల్లీ సీలంపూర్, మొరాదాబాద్ లాంటి చోట్ల తేలుతుంది, అక్కడ వైర్ల మీద ప్లాస్టిక్‌ను కాల్చి రాగి తీస్తారు, బోర్డులను యాసిడ్‌లో ముంచి బంగారం తీస్తారు. వైర్ల మీదుండే పీవీసీ ప్లాస్టిక్ కాలితే డయాక్సిన్లనే విషాలు వస్తాయి, పాత టీవీ గాజులో, టంకంలో సీసం ఉంటుంది, మిగిలిన యాసిడ్ మురుగు కాలువలోకి పోతుంది. ప్రపంచం మొత్తం మీద 2022లో 6.2 కోట్ల టన్నుల ఈ-వేస్ట్ పుడితే, సరిగ్గా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క దొరికింది 22.3 శాతానికే. మిగతాదంతా ఎవరో ఒకరు "అమ్మేశాం కదా" అనుకున్నదే.

మన వ్యవస్థ నడిచే తీరు ఇది. తయారుచేసి అమ్మిన కంపెనీ తాను అమ్మినదానిలో ఇంత శాతం రీసైకిల్ చేయించాలి. మొదటి రెండేళ్లకు 60 శాతం, తర్వాత రెండేళ్లకు 70, 2027-28 నుంచి 80. రిజిస్టర్ అయిన రీసైక్లర్ బయటికి తీసిన బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుము లెక్కన సర్టిఫికెట్లు పుడతాయి, కంపెనీలు వాటిని కొని తమ లెక్క సరిచేసుకుంటాయి. మీరిచ్చిన వస్తువు రిజిస్టర్ అయిన చోటికి వెళ్తేనే ఈ లెక్కల్లోకి ఎక్కుతుంది.

కాబట్టి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్ తెరిచి, రిజిస్టర్ అయినవాళ్ల జాబితాలో ఆ సంస్థ పేరు మీరే వెతకండి. వాళ్లు వాట్సాప్‌లో పంపిన లింకు నొక్కి చూడటం వెతకడం కాదు. పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ గడువు, మూడూ సరిపోవాలి. ఒక అక్షరం తేడా ఉంటే "టైపింగ్ మిస్టేకండీ" అంటారు, ఆ మాట రాతపూర్వకంగా ఇమ్మనండి, చాలామంది మళ్లీ ఫోన్ చేయరు.

జీఎస్టీ నంబరు చూపిస్తారు, ఐఎస్‌వో సర్టిఫికెట్‌ను ఫ్రేము కట్టించి మరీ చూపిస్తారు. ఇవేవీ రిజిస్ట్రేషన్ కావు. ఇంకో రకం వాళ్లు 2016 నిబంధనల నాటి కలెక్షన్ సెంటర్, డిస్మాంట్లర్ (వస్తువులను విడగొట్టేవాళ్లు) అనుమతులు తెస్తారు. ఇప్పటి రిజిస్ట్రేషన్ తయారీదారు, ఉత్పత్తిదారు, రిఫర్బిషర్, రీసైక్లర్ అనే నాలుగు రకాలకే. పాత కాగితం ఎంత పెద్ద ముద్రతో ఉన్నా పక్కన పెట్టండి.

అన్నిటికన్నా ప్రమాదం మధ్యవర్తులతో. "మేం ఫలానా రీసైక్లర్ తరఫున తీసుకెళ్తాం సార్" అంటారు. నిజమే కావచ్చు. ఆ రీసైక్లర్‌కే ఫోన్ చేయండి, వాళ్ల లెటర్‌హెడ్ మీద ఉత్తరం తెప్పించండి, రసీదు రీసైక్లర్ పేరు మీదే కావాలనండి. ఒకసారి నేను పనిచేసిన చోట ఈ ఒక్కటీ చూడకుండా ఇచ్చేశారు. మూడు నెలలకు మా స్టిక్కర్లతో సహా మానిటర్ల గుల్లలు రోడ్డు పక్క గుంటలో కనిపించాయి, లోపలి రాగి, బోర్డులు మాయం. స్టిక్కర్ మీద ఉన్నది మా పేరు, తీసుకెళ్లినవాడి పేరు ఎక్కడా లేదు. ఈ నిబంధనలు 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కిందివి, ఉల్లంఘిస్తే 10 వేల నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా పడే వీలుంది.

వేలం గురించి కూడా చెప్పాలి. ఎక్కువ పాడినవాడికే ఇవ్వాలన్నది అకౌంట్స్ వాళ్ల పట్టుదల. లాభం రాని ప్లాస్టిక్, గాజు, విషపదార్థాలను పద్ధతిగా వదిలించడానికి ఖర్చవుతుంది, ఆ ఖర్చు పెట్టేవాడు తక్కువే పాడతాడు. ఎక్కువ రేటు ఇచ్చేవాడు ఏ పని ఎగ్గొడుతున్నాడో ఆలోచించుకోండి. వేలం తప్పదంటే రిజిస్టర్ అయినవాళ్లను మాత్రమే పిలిచి పెట్టండి.

ఇంటివాళ్లకు ఇంత వెతుకులాట అక్కర్లేదు. పెద్ద కంపెనీలు చాలావరకు పాతవి వెనక్కి తీసుకుంటాయి, ఫోన్ కొన్న కంపెనీ వెబ్‌సైట్‌లో ముందు అది చూడండి.

6. ఎత్తించే రోజు

మీ జాబితా పట్టుకుని పక్కనే నిలబడి ఒక్కొక్కటే టిక్కు పెట్టండి. తూకం చీటీ, బండి నంబరు, రీసైక్లర్ సంతకం, ముద్ర. "మిక్స్‌డ్ స్క్రాప్, ఒక లోడు" అని రాసిన రసీదు తీసుకోకండి, సీరియల్ నంబర్ల జాబితా దానికి జతచేయాల్సిందే.

రీసైకిల్ చేసినట్టు సర్టిఫికెట్ ఆ రోజే చేతికి రాదు. రెండు మూడు సార్లు ఫోన్ చేయాల్సి వస్తుంది, విసుక్కోకుండా చేయండి. అది వచ్చి ఫైల్లో పడేదాకా ఆస్తుల రిజిస్టర్‌లో ఆ వస్తువుల పేర్లు కొట్టేయనివ్వకండి, అకౌంట్స్ వాళ్లు ఎంత తొందరపెట్టినా సరే.