ఆగిపోయిన పాత మోడల్ రైలింజన్‌ను మళ్లీ నడిపించడం ఎలా?

ఇరవై ముప్ఫై ఏళ్లు పెట్టెలో పడుకున్న మోడల్ రైలింజన్‌ను బయటికి తీసి, పట్టాల మీద పెట్టి కరెంటిస్తే అది ఉలకదు పలకదు. అప్పుడు చాలామంది చేయి ముందుగా స్క్రూడ్రైవర్ మీదికి పోతుంది. కాస్త ఆగండి. నా చేతికి వచ్చిన పాత ఇంజన్లలో ఎక్కువ వాటికి మోటారు చెడిపోలేదు. చక్రాలకు మకిలి పట్టడం, లోపల గ్రీజు గట్టిపడటం, ఈ రెండే వాటిని ఆపేశాయి. అందుకే ఎప్పుడైనా బయటి నుంచి లోపలికి వెళ్లాలి: ముందు ట్రాన్స్‌ఫార్మర్, తర్వాత పట్టాలు, చక్రాలు, అన్నిటికంటే చివర్లో మోటారు.

మీ ఇంజన్ ఏ కరెంటు మీద నడుస్తుందో మొదట తేల్చుకోండి. రెండు పట్టాల మీద నడిచే పాత హెచ్ఓ, డబుల్ ఓ (ఇవి మోడల్ సైజుల పేర్లు) ఇంజన్లు చాలావరకు 12 వోల్టుల డీసీవి. మూడు పట్టాల లయనెల్ కంపెనీ ఇంజన్లకు ఏసీ కావాలి. పాత మార్క్‌లిన్ కంపెనీ హెచ్ఓ కూడా ఏసీయే, నడవడానికి 16 వోల్టుల వరకు, వెనక్కీ ముందుకీ మార్చడానికి క్షణం సేపు 24 వోల్టులు ఇస్తారు. శాశ్వత అయస్కాంతం ఉన్న డీసీ మోటారుకు ఏసీ ఇస్తే తిరగకుండా గుయ్‌మని వణుకుతూ వేడెక్కిపోతుంది, అలాగే వదిలేస్తే వైండింగ్ (మోటారులోని తీగచుట్టలు) కాలిపోతుంది. డీసీసీ అనే డిజిటల్ పద్ధతిలో కూడా పట్టాల్లో ఉండేది ఏసీ లాంటి కరెంటే, దాన్ని మోటారుకు తగ్గట్టు మార్చే డీకోడర్ లేని పాత ఇంజన్‌ను ఆ పట్టాల మీద పెట్టకూడదనేదీ ఇందుకే.

పాత ట్రాన్స్‌ఫార్మర్ వైరును వేళ్ల మధ్య మెల్లగా వంచి చూడండి. పైతొడుగు పెళుసై చిట్లుతుంటే దాన్ని ప్లగ్గులో పెట్టనే వద్దు. వైరు మార్పించాలి, లేదంటే సరిపడా వోల్టేజీ ఉన్న కొత్త పవర్ సప్లై వాడాలి. ఇందులో మాత్రం మొహమాటం, సర్దుబాటు వద్దు.

ఇక శుభ్రం చేయడం. మెత్తని గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది పట్టాల పైభాగం తుడవండి. ఇంజన్‌ను తిరగేసి, చక్రాల అంచుల మీద నల్లగా పేరుకున్న మకిలిని కాటన్ బడ్‌తో తీయండి, బాగా గట్టిపడి ఉంటే టూత్‌పిక్‌తో గీకండి. గరుకు కాగితం మాత్రం వాడొద్దు, అది చేసిన గీతల్లోకే మళ్లీ మకిలి త్వరగా చేరుతుంది. చక్రాల వెనుక ఆనుకుని ఉండే సన్నని రాగి రేకుల్ని, మూడు పట్టాల ఇంజన్లయితే అడుగున ఉండే రోలర్లను కూడా తుడవండి. రేకు వంగిపోయి చక్రాన్ని తాకకపోతే ఎంత తుడిచినా కరెంటు లోపలికి పోదు, పట్టకారుతో కొంచెం సరిచేస్తే చాలు.

ఇప్పుడు మళ్లీ కరెంటిచ్చి జాగ్రత్తగా వినండి. చప్పుడే లేదంటే ఎక్కడో తీగ తెగింది లేదా మోటారుకు కరెంటు అందించే కార్బన్ బ్రష్ తాకడం లేదు. గుయ్‌మంటోంది కానీ కదలదంటే ఏదో బిగుసుకుపోయింది, వెంటనే కరెంటు ఆపేయండి. మోటారు తిరుగుతున్నా చక్రాలు కదలకపోతే గేరు జారుతోంది. ప్రతి చుట్టుకూ ఒకసారి టక్కుమంటూ ఎగిరిపడుతోందంటే ఇరుసు మీది ప్లాస్టిక్ గేరు చీలి ఉండొచ్చు. అలాంటి దాన్ని జిగురుతో అతికించాలని చూడకండి, నిలవదు, మార్చడమే దారి.

విప్పాల్సి వస్తే ప్రతి దశలో ఫోటో తీసుకోండి, స్క్రూలను తీసిన వరుసలోనే చిన్న చిన్న గిన్నెల్లో వేసుకోండి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందువాటిలో పోతపోసిన జింకు భాగాలు కొన్ని, లోహంలో సీసంలాంటి మలినాలు కలవడం వల్ల, ఉబ్బి పగుళ్లిచ్చి ఉంటాయి. అలాంటి చోట బలం పెడితే ముక్కలైపోతాయి. ఆవిరి ఇంజన్ నమూనా అయితే చక్రాలను ఇరుసు నుంచి అసలు లాగొద్దు. ఒక పక్క చక్రానికీ రెండో పక్క చక్రానికీ కడ్డీలు తగిలే పిన్నుల మధ్య 90 డిగ్రీల కోణం ఉంటుంది, అది తప్పితే చక్రాలను కలిపే ఆ కడ్డీలు పట్టేస్తాయి, మళ్లీ కుదర్చడం చాలా కష్టం.

మోటారులో ముందుగా చూడాల్సింది కార్బన్ బ్రష్‌లు. అరిగి పొట్టివైపోయాయా, వాటి వెనుక స్ప్రింగ్ మెత్తబడిందా చూడండి. ట్రయాంగ్ కంపెనీ ఎక్స్ 04 లాంటి మోటార్లలో స్ప్రింగ్ ఒక కాలికి చిన్న ఇన్సులేషన్ గొట్టం ఉంటుంది, అది ఊడిపోతే నేరుగా షార్ట్ అవుతుంది, మనమేమో మోటారు కాలిపోయిందనుకుంటాం. బ్రష్‌లు ఆనే, ముక్కలుగా విడి ఉండే రాగి కమ్యుటేటర్‌ను ఆల్కహాల్ అద్దిన బడ్‌తో మెరిసేదాకా తుడిచి, ముక్కల మధ్య సందుల్లోని కార్బన్ పొడిని టూత్‌పిక్‌తో తీసేయండి. ఈ సందుల వల్ల ఆగిన ఇంజన్లు నేను చాలా చూశాను.

అప్పటికీ నడవకపోతే మల్టీమీటర్ తీయండి. మూడు ముక్కల కమ్యుటేటర్‌లో ఏ రెండు ముక్కల మధ్య కొలిచినా రెసిస్టెన్స్ దాదాపు ఒకేలా రావాలి. ఒక జతలో తేడా ఎక్కువగా ఉంటే వైండింగ్ తెగిందో షార్ట్ అయిందో అనుకోవాలి. ముక్కకూ మోటారు ఇరుసుకూ మధ్య మాత్రం అసలు కనెక్షన్ ఉండకూడదు. ఇదంతా ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) బయటికి తీయకుండా, బ్రష్‌లు మాత్రం పైకి ఎత్తి కొలవొచ్చు, అలాగే చేయండి. పాత అల్నికో (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిపిన లోహం) అయస్కాంతాల మధ్య నుంచి ఆర్మేచర్ తీస్తే వాటి బలం తగ్గిపోతుంది. తప్పనిసరై తీస్తే ఆ ఖాళీలో వెంటనే ఒక ఇనుప ముక్క పెట్టండి.

గేర్లలోని పాత గ్రీజును పూర్తిగా తుడిచేశాకే కొత్తది వేయాలి. ఇరుసు బేరింగుల దగ్గర సూది మొనతో ఒక్క చుక్క నూనె, ప్లాస్టిక్‌ను పాడుచేయని రకం. ఎక్కువైతే అది కమ్యుటేటర్ మీదికి పాకి, మీరు ఇందాక తుడిచిందంతా వృథా అవుతుంది.

బిగించాక, బోగీలేవీ తగిలించకుండా నెమ్మదిగా పది నిమిషాలు ముందుకు, పది నిమిషాలు వెనక్కి నడిపించండి. మోటారు మీద వేలు పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. వేలు నిలవనంత వేడిగా ఉండి, ఖాళీగా చాలా వేగంగా పరిగెడుతూ రెండు బోగీలు తగిలించగానే డీలా పడుతుంటే, అయస్కాంతం బలహీనపడిందన్నమాట. దాన్ని మళ్లీ అయస్కాంతీకరించే పరికరం ఉన్నవాళ్లకు ఇవ్వాలి, లేదా బలమైన చిన్న నియోడిమియం ముక్క సరైన ధ్రువం చూసి అమర్చాలి.