ఇతిహాస చిత్రాన్ని చదవడం, 4వ పాఠం: దేవుడు తప్పుకుంటే ఆ పని ఎవరి నెత్తిన?

పోయిన పాఠం చివర, ట్రాయ్ యుద్ధం మీద హోమర్ చెప్పిన గ్రీకు కావ్యం ఇలియడ్‌లో దేవతలు వేలు పెట్టిన చోట్లన్నీ సర్గల వారీగా రాసుకోమన్నాను. ఆ కాగితం పక్కన పెట్టుకుని ఈ పాఠం మొదలుపెట్టండి. రాయనివాళ్ళు 24 సర్గలూ చదివేదాకా ఆగక్కర్లేదు. 3, 16, 22, 24 సర్గలు ఒకసారి తిరగేసి వస్తే చాలు, ఈసారి పని ఎక్కువగా వాటితోనే. సినిమా ఆ కథతోనే 2004లో వచ్చిన ‘ట్రాయ్’. దర్శకుడు వోల్ఫ్‌గాంగ్ పీటర్సన్, స్క్రీన్‌ప్లే డేవిడ్ బెనియాఫ్. 2007లో దర్శకుడే నిడివి పెంచి మళ్ళీ విడుదల చేసిన ప్రతి కూడా ఉంది. రెండింటిలో మీకు ఏది దొరికినా ఇబ్బంది లేదు.

ఈ సినిమా చూసినవాళ్ళలో కావ్యం తెలిసినవాళ్ళు ముందుగా అనే మాట, ‘ఇందులో దేవుళ్ళే లేరు’ అని. నిజమే. కానీ అది గమనించడానికి పాఠం అవసరం లేదు, కళ్ళుంటే చాలు. మనం నేర్చుకోవలసింది ఆ తరవాతి మెట్టు. ఇలియడ్‌లో దేవతలు అలంకారం కోసం రారు. ఒకణ్ణి చావునుంచి తప్పిస్తారు, ఒకణ్ణి మోసం చేస్తారు, కుదిరిన సంధిని చెడగొడతారు, శవాన్ని కుళ్ళిపోకుండా కాపాడతారు. కథ ముందుకు నడవాలంటే ఈ పనులు జరిగి తీరాలి. దేవతను తీసేసిన దర్శకుడు ఆ పనిని మాత్రం తీసేయలేడు, దాన్ని ఇంకెవరికో అప్పగించాలి. ఎవరికి అప్పగించాడో చూస్తే ఆ సినిమా మనిషి గురించి ఏమనుకుంటోందో తెలిసిపోతుంది.

నోట్‌బుక్‌లో నాలుగు గళ్ళు గీయండి. మొదటి గడిలో జరిగిన పని, రెండో దాంట్లో కావ్యంలో ఆ పని ఎవరు చేశారు, మూడో దాంట్లో సినిమాలో ఎవరు చేశారు, నాలుగో దాంట్లో ఆ మార్పువల్ల ఎవరి స్వభావం మారింది. మొదటి మూడూ ఎవరైనా నింపగలరు. నాలుగో గడి దగ్గరే టైమ్ పడుతుంది.

3వ సర్గతో మొదలుపెడదాం. హెలెన్‌ను తీసుకుపోయిన ట్రాయ్ రాజకుమారుడు పారిస్‌కూ, ఆమె భర్త అయిన గ్రీకు రాజు మెనెలాస్‌కూ ద్వంద్వయుద్ధం. ఎవరు గెలిస్తే హెలెన్ వాళ్ళది, అంతటితో యుద్ధం సరి అని ఒప్పందం. మెనెలాస్ పారిస్‌ను శిరస్త్రాణం పట్టుకుని ఈడ్చుకుపోతుంటే ప్రేమదేవత ఆఫ్రొడైటీ వచ్చి అతని గడ్డం కింది పట్టీ తెంపేస్తుంది. పారిస్‌ను పొగమంచులో చుట్టి తీసుకుపోయి పడకగదిలో దింపుతుంది. మెనెలాస్ చేతిలో ఖాళీ శిరస్త్రాణం మిగులుతుంది. సంధి అప్పటికీ నిలిచేదే. కానీ 4వ సర్గలో అథీనా పాండరస్ అనే ట్రోజన్ విలుకాడిని ఎగదోసి మెనెలాస్ మీద బాణం వేయిస్తుంది. అంటే ఇక్కడ పనులు రెండు. పారిస్‌ను కాపాడడం ఒకటి, ఒప్పందం భంగం కావడం ఒకటి. వాటి వెనక ఉన్నదీ ఇద్దరు దేవతలే.

సినిమాలో దెబ్బతిన్న పారిస్ పాక్కుంటూ పోయి అన్న హెక్టర్ కాళ్ళు పట్టుకుంటాడు. మెనెలాస్ చంపడానికి రాగానే హెక్టర్ కత్తి దూసి మెనెలాస్‌నే పొడిచేస్తాడు. ఒక్క కత్తిపోటుతో పారిస్ బతికాడు, ఒప్పందమూ పోయింది. ఆఫ్రొడైటీ పని, అథీనా పని రెండూ హెక్టర్ మీదే పడ్డాయి. ఇప్పుడు నాలుగో గడి. కావ్యంలో హెక్టర్ చేతికి ఈ మచ్చ లేదు. ఆ ద్వంద్వయుద్ధానికి పారిస్‌ను ముందుకు తోసింది అతని ఎత్తిపొడుపే. సినిమా హెక్టర్ మాత్రం తమ్ముడి కోసం మాట తప్పినవాడు. అయినా చూసేవాళ్ళెవరికీ అతని మీద కోపం రాదు, ఇంకా దగ్గరవుతాడు. దేవతలు తీసేయగానే తప్పులు మనుషులవి అయ్యాయి. ఆ తప్పుల్లో ఎక్కువ క్షమించదగినవన్నీ ఏరి హెక్టర్‌కి ఇచ్చారు. ఎరిక్ బానా ఆ పాత్రలో అంత నిండుగా కనిపించడానికి నటన ఒక్కటే కారణం కాదు, స్క్రీన్‌ప్లే అతనికి ఇచ్చిన బరువు కూడా.

(మెనెలాస్ ఇక్కడే చచ్చిపోవడం చూసి కొందరు గుండెలు బాదుకుంటారు. ఒడిస్సీ 4వ సర్గలో అతను స్పార్టాలో హెలెన్‌తో కలిసి హాయిగా అతిథి మర్యాదలు చేస్తూ ఉంటాడు మరి. సినిమా ఆ కథ జోలికి పోవాలనుకోలేదు. మన పట్టికకూ అది పెద్ద విషయం కాదు.)

16వ సర్గకు రండి. గ్రీకుల మేటి వీరుడు అకిలీస్ పోరు మానుకుని కూర్చుంటే, అతని ఆప్తమిత్రుడు పెట్రోక్లస్ ఆ అకిలీస్ కవచం తొడుక్కుని యుద్ధానికి వస్తాడు. ట్రాయ్ పక్షాన ఉన్న దేవుడు అపోలో వెనకనుంచి అరచేత్తో ఒక్క దెబ్బ వేస్తాడు. శిరస్త్రాణం దొర్లిపోతుంది, ఈటె విరుగుతుంది, కవచం ఊడిపోతుంది. తరవాత యుఫోర్బస్ అనేవాడు ఈటెతో పొడుస్తాడు. హెక్టర్ వచ్చేది మూడోవాడుగా. చనిపోతూ పెట్రోక్లస్ ఆ మాటే అతని మొహాన అంటాడు. సినిమాలో అపోలో లేడు, యుఫోర్బస్ లేడు. అకిలీసే అనుకుని హెక్టర్ ఒక్కడే చంపుతాడు, ఆనక శిరస్త్రాణం తీసి చూస్తే కుర్రాడి ముఖం. మూడు పాళ్ళుగా పంచుకున్న చావు మళ్ళీ ఒక్కడి ఖాతాలోకే పోయింది. పైగా కావ్యంలో లేని పశ్చాత్తాపం ఒకటి వచ్చి చేరింది. కావ్యంలో హెక్టర్ ఆ కవచం ఊడబెరికి తానే తొడుక్కుంటాడు. సినిమా హెక్టర్ ‘ఇవాళ్టికి చాలు’ అన్నట్టు వెనక్కి తిరుగుతాడు. వరసగా రెండు గళ్ళలో ఒకే పేరు వచ్చిందంటే దాని కింద గీత గీసుకోండి. ఒక్కసారి జరిగిందాన్ని అవసరం అనుకోవచ్చు, రెండుసార్లు జరిగితే అది ఉద్దేశం.

ఇక అసలు ఘట్టం, 22వ సర్గ. ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం.

కావ్యంలో మిత్రుడి చావుకు పగ తీర్చుకోవడానికి అకిలీస్ మీదికి వస్తుంటే హెక్టర్‌కు గుండె జారిపోతుంది. కోట చుట్టూ మూడు చుట్లు పరిగెడతాడు. దేవతల రాజు జ్యూస్ బంగారు త్రాసులో ఇద్దరి చావులూ పెట్టి తూస్తే హెక్టర్ వైపు కిందికి వాలుతుంది. అప్పటిదాకా అండగా ఉన్న అపోలో ఆ క్షణమే వదిలి వెళ్ళిపోతాడు. అథీనా హెక్టర్ తమ్ముడు డైఫోబస్ రూపంలో వచ్చి ‘నేనున్నాను, నిలబడు’ అంటుంది. హెక్టర్ ఈటె విసురుతాడు, అది అకిలీస్ డాలుకు తగిలి ఎగిరిపోతుంది. రెండో ఈటె ఇమ్మని తమ్ముణ్ణి పిలుస్తాడు. అక్కడ ఎవరూ లేరు. దైవం తనను మోసం చేసిందని అతనికి అర్థమయ్యేది అప్పుడే. అవతల అకిలీస్ విసిరి గురి తప్పిన ఈటెను అథీనా తీసుకొచ్చి మళ్ళీ అతని చేతికిస్తుంది. అకిలీస్‌కు ఇందులో సిగ్గు ఏమీ లేదు. దైవం తోడు ఉండడం ఆ లోకంలో వీరుడి గొప్పతనానికి గుర్తు, లోపానికి కాదు.

సినిమాలో పరుగు లేదు, త్రాసు లేదు, తమ్ముడి వేషం లేదు. హెక్టర్ భార్యకు వీడ్కోలు చెప్పి తనంతట తానే బయటికి వస్తాడు. ఇద్దరే పోరాడతారు. మధ్యలో హెక్టర్ రాయి తగిలి కింద పడతాడు. అకిలీస్ అప్పుడు పొడవచ్చు, పొడవడు. లెమ్మంటాడు. తన కీర్తిని ఒక రాయి ఎత్తుకుపోతే ఒప్పుకోనంటాడు.

ఆ రాయిని నోట్‌బుక్‌లో పెద్ద అక్షరాలతో రాసుకోండి. మొదటిసారి చూసినప్పుడు అది పోరాటంలో మామూలుగా దొర్లే ఒక చిన్న ఘటనలా ఉంటుంది. కానీ కావ్యంలో అథీనా చేసిన పని గుర్తుకు తెచ్చుకుంటే, ఆ కాలు తడబాటు కూర్చున్నది సరిగ్గా ఆమె చోటులోనే. హెక్టర్‌ను బలహీనుణ్ణి చేసే బయటిశక్తి అక్కడ దేవత, ఇక్కడ అదృష్టం. అథీనా ఇచ్చిన ఈటెను కావ్యంలో అకిలీస్ అందుకున్నాడు. రాయి ఇచ్చిన అవకాశాన్ని సినిమాలో కాదన్నాడు. గెలుపు పూర్తిగా తనదే కావాలన్న ఈ పంతం హోమర్ అకిలీస్‌లో లేదు. అది ఈ కాలపు వీరుడి లక్షణం. నన్నడిగితే సినిమా మొత్తంలో అనుసరణ గురించి తెలివైన నిర్ణయం ఇదే. దేవతను తీసేసి ఊరుకోలేదు, ఆమె ఇచ్చే సాయాన్నే వీరుడిచేత తిరస్కరింపజేశారు.

24వ సర్గలో అటూ ఇటూ సమంగా నడుస్తుంది. కావ్యంలో జ్యూస్ ఆజ్ఞను థెటిస్ కొడుకు అకిలీస్‌కి చేరవేస్తుంది, తన దగ్గరే ఉంచుకున్న హెక్టర్ శవం ఇచ్చెయ్యమని. హెర్మిస్ కాపలావాళ్ళను నిద్రపుచ్చి హెక్టర్ తండ్రి, ముసలి రాజు ప్రియమ్‌ను గుడారందాకా తోడుకుని వస్తాడు. సినిమాలో ఇవేవీ లేవు. గుడారంలోకి ఎలా రాగలిగావని అకిలీస్ అడిగితే, నా నేల నాకు గ్రీకులకంటే బాగా తెలుసునన్న అర్థంలో ప్రియమ్ జవాబిస్తాడు. హెర్మిస్ పని ఆ ఒక్క వాక్యంలో అయిపోయింది. జ్యూస్ ఆజ్ఞ పోవడం మాత్రం చిన్న సంగతి కాదు. శవాన్ని ఇవ్వాలన్న నిర్ణయం ఇప్పుడు అకిలీస్ సొంతం. అతను హెక్టర్ శవం దగ్గర ఏడుస్తాడు కూడా. కొడుకును చంపిన చేతిని తండ్రి ముద్దుపెట్టుకోవడం ఒక్కటి హోమర్‌లో ఉన్నట్టే ఉంచారు. అక్కడ తీయడానికి దేవత లేదు, కలపడానికీ ఏమీ లేదు. ప్రియమ్ వేసిన పీటర్ ఓటూల్ ముఖం చూస్తే చాలు. అంత్యక్రియల కోసం యుద్ధవిరామం కూడా కావ్యంలోదే.

ఇప్పటిదాకా చూసినవి దేవత పని మనిషికి మారిన చోట్లు. ఇంకో రకం ఉంది. దేవత వదంతిగా, నమ్మకంగా మిగిలిపోవడం. మొదట్లోనే ఒక కుర్రాడు అకిలీస్‌ను అడుగుతాడు, మీ అమ్మ దేవతట, మిమ్మల్ని ఎవరూ చంపలేరట, నిజమేనా అని. అదే నిజమైతే ఈ డాలు మోసుకు తిరగడం ఎందుకన్నట్టు ఇతని జవాబు. అయినా తల్లి థెటిస్‌గా జూలీ క్రిస్టీ కనిపించేది ఎక్కడ? సముద్రపు నీళ్ళలో నిలబడి గవ్వలు ఏరుతూ. కొడుకు భవిష్యత్తు చెప్పేస్తుంది. దేవత అని ఒక్క మాట అనకుండా, కాదని కూడా అనకుండా దాటేసిన చోటు అది.

మడమ కథ ఇంకా తమాషా. అకిలీస్‌కు మడమలోనే ప్రాణం అన్నది ఇలియడ్‌లో లేదు. క్రీ.శ. 1వ శతాబ్దంలో స్టేషియస్ అనే రోమన్ కవి రాసిన కావ్యంలో ఒంటికి ఆయుధం దిగకూడదని తల్లి అతన్ని స్టిక్స్ నదిలో ముంచిన సంగతి వస్తుంది. సినిమాలో పారిస్ బాణం మొదట మడమలో దిగుతుంది, తరవాత ఒంట్లో మరికొన్ని. అకిలీస్ ఒంట్లోవి పీకేసుకుంటాడు. గ్రీకులు వచ్చేసరికి మడమలో బాణం ఒక్కటే ఉంటుంది. పురాణగాథ ఎలా పుట్టి ఉంటుందో సినిమా ఊహించి చూపిస్తోంది. దీన్ని పట్టికలో ‘మార్పు’ అని రాయకండి, ‘వివరణ’ అని రాయండి. రెండూ వేరు.

అపోలో సంగతి వేరే చెప్పాలి. తీరంలో గుడి పట్టుకున్నప్పుడు అకిలీస్ అపోలో విగ్రహం తల నరికేస్తాడు. ఏమీ జరగదు. పిడుగు పడదు, నేల చీలదు. దేవుడు లేడని తేలినట్టే అనిపిస్తుంది. కానీ కావ్యంలో హెక్టర్ చనిపోతూ అకిలీస్‌తో, నిన్ను పారిసూ అపోలో కలిసి చంపుతారని అంటాడు. సినిమాలో చంపింది పారిస్ బాణమే. తల తెగిన దేవుడు ఊరుకున్నాడా, లెక్క సరిచేశాడా? సినిమా చెప్పదు. ఇలాంటి చోట మూడో గడిలో ‘ఎవరూ కాదు’ అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. తేల్చేయాలని తొందరపడితే ఉన్న అందం పోతుంది.

ఒక జాగ్రత్త. ఈ పట్టిక అన్ని సినిమాలకూ ఇలాగే పనిచేయదు. మన ‘మాయాబజార్’ (1957) తీసుకోండి. శశిరేఖ పెళ్ళి కథ వ్యాసభారతంలోనే లేదు కాబట్టి రెండో గడి ఖాళీ. పైగా ఘటోత్కచుడి మాయ తీసేస్తే ఆ పని అప్పగించడానికి ఇంకెవరూ దొరకరు, సినిమాయే ఉండదు. మాయే కథ అయినచోట మన ప్రశ్న మారాలి. దాన్ని రాబోయే పాఠాల్లో చూద్దాం.

ఇక అభ్యాసం. గ్రీకులు వదిలిపెట్టి పోయిన చెక్కగుర్రం ఘట్టం మీరే చేయండి. ఇది ఇలియడ్‌లో లేదు, ఆ కావ్యం హెక్టర్ అంత్యక్రియలతో ముగుస్తుంది. కాబట్టి రెండో గడికి రోమన్ కవి వర్జిల్ ‘ఈనియడ్’ 2వ సర్గ చదవాలి. అక్కడ గుర్రాన్ని నమ్మొద్దని లావోకూన్ అనే ట్రాయ్ పూజారి ఈటె విసురుతాడు. సైనన్ అనే గ్రీకువాడు అబద్ధాలు చెప్పి నమ్మిస్తాడు. సముద్రంలోంచి రెండు పాములు వచ్చి లావోకూన్‌నూ అతని ఇద్దరు కొడుకులనూ చంపేస్తాయి. దాంతో జనం దైవనిర్ణయం తేలిపోయిందనుకుంటారు. హెచ్చరిక, అబద్ధం, దైవసూచన, ఈ మూడు పనులూ సినిమాలో ఎవరికి పంచారో వెతకండి. తగలబెట్టండి అన్నది ఎవరో విన్నప్పుడు ఆశ్చర్యపోతారు. దైవసూచన కోసం తీరంలో పడి ఉన్న శవాలను, వాటి ఒంటిమీది పుండ్లను, పూజారి వాటికి చెప్పిన అర్థాన్ని గమనించండి. తరవాత ఇలియడ్ 1వ సర్గ మొదటి పేజీలకు వెళ్ళి, అపోలో గ్రీకు సేన మీదికి పంపిన తెగులు గురించి చదవండి. నాలుగో గడిలో కనీసం అయిదు వాక్యాలు రాయండి. 5వ పాఠం మీరు రాసిన ఆ గడితోనే మొదలవుతుంది.