హైవ్‌లో పోస్టు కింద కనిపించే డాలర్లను ఎలా చదవాలి

స్టీమ్, హైవ్ అనేవి పోస్టుకు పడే ఓట్లను బట్టి క్రిప్టోకరెన్సీలో ప్రతిఫలం ఇచ్చే బ్లాగు వేదికలు. 2016లో మొదలైన స్టీమ్‌లోనూ, 2020 మార్చిలో దాన్నుంచి చీలిన హైవ్‌లోనూ మనిషికో ఓటు అనే లెక్క లేదు. హైవ్‌లో ఓటరు దగ్గర ఎంత హైవ్ పవర్ (ఖాతాలో లాక్ చేసి ఉంచిన హైవ్ టోకెన్లు) ఉంటే ఓటుకు అంత విలువ. కాబట్టి పోస్టు కింద ప్రతిఫలంగా 40 డాలర్లు కనిపించినంత మాత్రాన అది బాగుందని అనుకోకూడదు. ఆ మొత్తాన్ని విడదీసి చూడాలి.

ముందు హైవ్ పోస్టులు చూపించే సైటు పీక్‌డీలో ఓట్ల జాబితా తెరవండి. మొత్తంలో సగానికి పైగా ఒకరిద్దరి నుంచే వచ్చిందా? అలాగైతే 300 ఓట్లున్నా ఆ మొత్తం చెప్పేది ముఖ్యంగా ఆ ఇద్దరి ఇష్టాన్నే.

తర్వాత ఓట్లు పడిన సమయం చూడండి. 1,500 పదాల వ్యాసానికి రెండు నిమిషాల్లోనే పెద్ద ఓట్లు పడితే అవి చదివి వేసినవి కావు, దాదాపుగా ఆటోవోట్లే, అంటే ముందే పెట్టిన పేర్లను బట్టి ప్రోగ్రామ్ తనంతట తాను వేసే ఓట్లు. దీనికి కారణం ఉంది. పోస్టుకొచ్చే ప్రతిఫలంలో సగం ఓటర్లకే వెళ్తుంది. ఒక పూర్తి ఓటు వేస్తే ఓటు శక్తి 2% తగ్గుతుంది, రోజుకు 20% తిరిగి నిండుతుంది. అంటే శక్తి వృథా కాకూడదంటే రోజుకు పది పూర్తి ఓట్లు వేయాలి. రోజూ పది మంచి పోస్టులు వెతికే తీరిక ఎందరికుంటుంది? నచ్చిన రచయితల పేర్లు ఒకసారి పెట్టేసి వదిలేస్తారు.

అలాగని ఆటోవోటు పడిన ప్రతి పోస్టూ చెత్త కాదు. పాత రాతల మీద నమ్మకం కూడా అందులో ఉంటుంది. అనుమానం తీరాలంటే అదే రచయిత గత పది పోస్టులు వరసగా చూడండి. కష్టపడి రాసిన వ్యాసానికీ, మసకబారిన ఒక్క ఫొటోకీ ఒకే మొత్తం వస్తుంటే ఆ డబ్బు పేరుకు పడుతోంది, రాతకు కాదు. వాలెట్‌లో డెలిగేషన్లు, అంటే ఎవరికి పవర్ అప్పగించారో కూడా చూడండి. రచయిత తన పవర్‌ను ఓటు వేసిన ఖాతాకే అప్పగించి ఉంటే అది ఇచ్చిపుచ్చుకోవడం కావచ్చు.

వ్యాఖ్యల్లో "చాలా బాగుంది" లాంటివి పక్కన పెట్టండి. పోస్టులోని ఫలానా అంకెనో, ఫలానా దశనో పట్టుకుని ప్రశ్నించిన వ్యాఖ్య ఒక్కటున్నా అది చదివారనడానికి గట్టి ఆధారం.

పోస్టులను డాలర్లలో పోల్చేటప్పుడు ఒకే వారంలోవి తీసుకోండి. హైవ్ ధర మారితే అన్ని పోస్టుల విలువా మారుతుంది. ఏడు రోజులకు చెల్లింపు ముగుస్తుంది, తర్వాత ఓటు వేసినా డబ్బు రాదు. అందుకే ఆరు నెలల తర్వాత కూడా సందేహాలు అడుగుతున్న, ఇతరులు లింకు ఇస్తున్న పోస్టులను ప్రత్యేకంగా వెతకండి. వాటి కింద రెండు డాలర్లే ఉన్నా సరే.