లడఖ్ బైక్ టూర్‌కి డబ్బు కట్టే ముందు

ఎండలు ముదిరేసరికి తిరుపతి, చిత్తూరు రైడర్ల గ్రూపుల్లో లడఖ్ మాట మొదలవుతుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అక్కడి దారులు తెరిచి ఉంటాయి కాబట్టి సెలవులు, డబ్బు, బండి అన్నీ ఇప్పుడే చూసుకోవాలి. ఈమధ్య చాలామంది సొంతంగా కాకుండా గైడెడ్ టూర్లలో వెళ్తున్నారు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నేనూ అదే చెబుతాను. ముందు దారి తెలిసిన లీడర్, వెనకాల మెకానిక్‌తో బ్యాకప్ బండి, బస, పర్మిట్లు అన్నీ వాళ్ళే చూస్తారు. కానీ ఆ ఎత్తుకి మన ఒళ్ళు అలవాటు పడాల్సిందే, ఆ పని ఇంకెవరూ చేసిపెట్టలేరు.

అందుకే టూర్ వాళ్ళు ప్లాన్ పంపగానే హోటళ్ళూ ఫొటోలూ పక్కన పెట్టి, ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటామో ఒక కాగితం మీద రాసుకోండి. మన తిరుమల కొండ సుమారు 850 మీటర్లు. హార్సిలీ హిల్స్ 1,265. లేహ్ ఊరే 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. ఖర్దూంగ్ లా కనుమ 5,359 మీటర్లు. అక్కడ గాలి పీడనం మన ఊళ్ళో ఉండేదాంట్లో దాదాపు సగం, అంటే ఒక్కో శ్వాసకి అందే ఆక్సిజన్ కూడా సగమే. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకు మించి పెంచొద్దని, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగమని డాక్టర్లు చెబుతారు.

ఈ లెక్కతో దారులు చూస్తే తేడా తెలిసిపోతుంది. మనాలి సుమారు 2,000 మీటర్లు. అటునుంచి వెళ్ళే చాలా టూర్లలో రెండో రాత్రికే సర్చూ టెంట్లు, అంటే దాదాపు 4,290 మీటర్లు. తలనొప్పితో నిద్ర పట్టక ఇబ్బంది పడేది ఎక్కువగా అక్కడే. శ్రీనగర్ నుంచి అయితే 1,585 దగ్గర మొదలై, కార్గిల్‌లో 2,676 దగ్గర ఒక రాత్రి పడుకుని, ఆ తర్వాతే లేహ్ చేరతాం. ఎక్కేటప్పుడు శ్రీనగర్, దిగేటప్పుడు మనాలి పెట్టినవాళ్ళు ఆలోచించి ప్లాన్ వేసినట్టే. ఏ దారిన వెళ్ళినా లేహ్‌లో రెండు రాత్రులు ఉండాలి. విమానంలో నేరుగా దిగేవాళ్ళు మొదటి రెండు రోజులు బండి ముట్టుకోకపోవడమే మంచిది. వారంలో అన్నీ చూపించేస్తామంటూ మూడో రాత్రే లేహ్ కంటే ఎత్తులో ఉండే పాంగాంగ్ సరస్సు దగ్గర బస పెట్టారంటే ఆ టూర్ వదిలేయండి, ఎంత చవకైనా సరే.

డబ్బు కట్టే ముందు ఇంకొక్కటి అడగండి: "అర్ధరాత్రి మాలో ఒకరికి ఊపిరి ఆడకపోతే ఏం చేస్తారు?" ఆక్సిజన్ సిలిండర్ ఏ బండిలో ఉంటుందో, రాత్రిపూట కిందికి దించే డ్రైవర్ ఎవరో, ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారో తడుముకోకుండా చెప్పాలి. "ఏం కాదు సార్, మేమున్నాం కదా" అనేది జవాబు కాదు.

మనవాళ్ళలో ఒక నమ్మకం ఉంది. అలిపిరి మెట్లు ఆగకుండా ఎక్కేస్తాం, మాకేమవుతుందిలే అని. మెట్లెక్కే అలవాటు కాళ్ళకీ గుండెకీ మంచిదే, రోజంతా బండి నడపడానికి పనికొస్తుంది కూడా. కానీ ఎత్తు జబ్బుకి ఫిట్‌నెస్ అడ్డం కాదు. గట్టిగా ఉన్న కుర్రాళ్ళకే ఒక్కోసారి ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే తలనొప్పి వచ్చినా పరువు పోతుందని బయటికి చెప్పరు. తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం మొదటి గుర్తులు. ఇవి కనిపిస్తే ఆ రోజు ఇంకా పైకి వెళ్ళకూడదు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, దగ్గుతో నురగ పడితే అది ఊపిరితిత్తుల్లోకి నీరు చేరడం. మాట తడబడుతున్నా, మనిషి అయోమయంగా ఉన్నా నేల మీద ఒక గీత గీసి, మడమకి వేళ్ళు ఆనిస్తూ దాని మీద నడవమనండి. తూలాడంటే మెదడు వాచిందని అనుమానించాలి. ఈ రెండింటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా చూద్దాం అనకూడదు. ఆక్సిజన్ పెట్టి, వెంటనే కిందికి దించాలి.

ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర గురించి అందరూ అడుగుతారు. అది పనిచేస్తుంది, కానీ సల్ఫా మందులు పడనివాళ్ళకి ఇబ్బంది రావచ్చు. ఎవరో ఇచ్చారని వేసుకోకుండా, బయల్దేరే నెల ముందే తిరుపతి రుయా ఆసుపత్రిలోనో స్విమ్స్‌లోనో డాక్టర్‌కి చూపించుకుని మోతాదు రాయించుకోండి. బీపీ, గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్ళు తప్పకుండా వెళ్ళాలి. షుగర్ ఉన్నవాళ్ళు ఇన్సులిన్‌ని బండి బ్యాగులో కాదు, జాకెట్ లోపలి జేబులో పెట్టుకోవాలి. గడ్డకట్టిందంటే ఇక పనికిరాదు. లేహ్ చేరిన సంతోషంలో మందు పార్టీలు అసలు వద్దు.

ఇక నడపడం. తిరుమల ఘాట్‌లో చెయ్యి తిరిగిన రైడర్లు మనలో చాలామంది ఉన్నారు. అయితే 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974 నాటి రెండోది ఎక్కడానికి. రెండూ వన్‌వేలే. మలుపులో ఎదురుగా లారీ వస్తుందన్న భయం మన చేతులకి అలవాటు లేదు. హిమాలయాల్లో ప్రతి మలుపులోనూ ఆ భయం ఉండాలి. మిలిటరీ కాన్వాయ్‌లు, ట్యాంకర్లు రోడ్డు మొత్తం ఆక్రమించి దిగుతుంటాయి. ఎడమ అంచు వదలొద్దు, ప్రతి మలుపుకీ హారన్ కొట్టండి. రోడ్డు ఇరుకైతే ఎక్కే బండికే ముందు దారి ఇవ్వాలన్నది రూలు, మీరు దిగుతుంటే ఆగండి. ప్రాక్టీసుకి భాకరాపేట ఘాట్ మంచిది, రెండు వైపులా బండ్లు తిరుగుతాయి. పగలే వెళ్ళండి. 2022 మార్చిలో నిశ్చితార్థానికి వస్తున్న బస్సు రాత్రిపూట లోయలో పడింది భాకరాపేట ఘాట్‌లోనే. టూర్‌కి తీసుకెళ్ళే లగేజీ మొత్తం బండికి కట్టి, అదే జాకెట్, అదే బూట్లతో పీలేరు, మదనపల్లె మీదుగా హార్సిలీ హిల్స్ ఒకసారి ఎక్కి దిగి రండి. చెమట పడుతుంది, ఫర్వాలేదు. తాడు ఎక్కడ వదులవుతుందో, బూటు ఎక్కడ కొరుకుతుందో ఇక్కడే తెలిసిపోతుంది.

గ్లవ్స్ కొనేటప్పుడు షాపులోనే రెండు చేతులకీ వేసుకుని హెల్మెట్ బకిల్ తీసి చూడండి, క్లచ్ ఒక వేలితో పట్టి చూడండి. రాకపోతే అవి వద్దు. ఒక లావు జాకెట్ కంటే లోపల థర్మల్, మధ్యలో ఫ్లీస్, పైన గాలీ వానా దూరనిది, ఇలా పొరలు పొరలుగా ఉంటేనే మేలు. సాక్స్ మాత్రం ఎన్ని జతలైనా ఎక్కువ కాదు, ఎందుకంటే వాగులు ఉంటాయి. మంచు కరిగి రోడ్డు మీదుగా పారే నీళ్ళు పొద్దున తక్కువగా, మధ్యాహ్నానికి ఉధృతంగా ఉంటాయి. అందుకే లీడర్ తెల్లవారుజామున లేపితే విసుక్కోవద్దు. ముందు బండి అవతలి గట్టు ఎక్కాకే మీరు బండితో నీళ్ళలోకి దిగండి. ఫస్ట్ గేర్‌లో, యాక్సిలరేటర్ ఒకేలా పట్టి, చక్రం కింద రాళ్ళని కాకుండా అవతలి గట్టుని చూస్తూ పోవాలి. మధ్యలో క్లచ్ పట్టేశారంటే అక్కడే పడిపోతారు.

పైకి వెళ్ళేకొద్దీ ఇంజిన్‌కీ గాలి చాలదు, బండి బలం బాగా పడిపోతుంది. బండి పాడైందని కంగారుపడి ఏదీ విప్పొద్దు. అద్దె బండి అయితే లేహ్‌లోనే తీసుకోండి, మనాలిలోనో శ్రీనగర్‌లోనో తీసుకున్న అద్దె బండ్లతో నుబ్రా లోయ, పాంగాంగ్ తిరగనివ్వరు.

మన ప్రీపెయిడ్ సిమ్‌లు లడఖ్‌లో పనిచేయవు. వెళ్ళే ముందే పోస్ట్‌పెయిడ్‌కి మార్చుకోండి. అయినా కనుమల మధ్య గంటల తరబడి సిగ్నల్ ఉండదు. రోజువారీ ప్లాన్, టూర్ లీడర్ నంబరు, ఇన్సూరెన్స్ కాగితం, బ్లడ్ గ్రూపు ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించండి. ఏయే రోజుల్లో ఫోన్ రాకపోవచ్చో అమ్మకి ముందే చెప్పి వెళ్ళండి.