మనవరాలి దగ్గర వాక్యం నేర్చుకోవడం ఎలా?

సండే స్కూల్ నుంచి వచ్చిన పిల్ల చేతిలో రంగులు వేసిన కాగితం ఉంటుంది. దాని అడుగున ఆ వారం కంఠతం పట్టాల్సిన బైబిలు వాక్యం. అనంతపురం పల్లెల్లో అవ్వాతాతలు చాలామంది "బాగా ఏసినావు" అని దాన్ని పక్కన పెట్టేస్తారు. ఆ కాగితంతోనే మొదలుపెట్టండి.

మధ్యాహ్నం తిన్నాక ఇద్దరికీ నిద్రే. ఎండ దిగినాక అరుగు మీద కూర్చోండి, ఇరవై నిమిషాలు చాలు. చూపు ఆనకపోతే పెద్దక్షరాల బైబిలు తెచ్చుకోండి, లేదా పిల్లనే చదవమనండి. ఇందులో చిన్నతనమేం లేదు. కన్ను మందగించిన యాజకుడు ఏలీ, దేవుడు చెప్పిన మాటను బాలుడైన సమూయేలు నోటనే విన్నాడు (1 సమూయేలు 3).

ముందు కథ చెప్పించుకోండి, మధ్యలో దిద్దకండి. అందరూ చేసే తప్పు ఇదే. దిద్దిన మరుక్షణం అది పరీక్ష అయిపోతుంది, పిల్ల నోరు మూసుకుంటుంది. యోనాను తిమింగలం మింగిందంటే అననివ్వండి. కథ అయ్యాక యోనా 1:17 తీస్తే, ఉన్నది "గొప్ప మత్స్యము" అని తనే చూస్తుంది. మనవీ ఉన్నాయి ఇట్లాంటివి. క్రిస్మస్ నాటకాలు చూసి చూసి బాలయేసును చూడవచ్చిన జ్ఞానులు ముగ్గురే అనుకుంటాం. మత్తయి 2లో కానుకలు మూడు రకాలు, మనుషుల లెక్క మాత్రం లేదు.

తర్వాత కంఠతం. 23వ కీర్తన ఆరు వచనాలే, వారానికొకటి పెట్టుకోండి. పిల్ల "యెహోవా నా కాపరి" అంటే మీరు అనండి, తర్వాత "నాకు లేమి కలుగదు". ముక్కలుగా మూడుసార్లు, మొత్తంగా రెండుసార్లు, ఆపైన పుస్తకం మూసి ఒకసారి. బుధవారం, శనివారం మళ్లీ అప్పజెప్పండి. ఆదివారమే పదిసార్లు వల్లిస్తే ఆ వారంలోనే సగం జారిపోతుంది. ఇంగ్లీషు మీడియం పిల్లకు "లేమి" అంటే తెలియకపోవచ్చు. ఆ అర్థం మీరు చెప్పండి.

అసలు పాఠం పిల్ల అడిగే ప్రశ్నలో ఉంటుంది. నాలుగో వచనంలో "నీ దుడ్డుకఱ్ఱయు నీ దండమును నన్ను ఆదరించును" దగ్గర ఆగి, "కట్టె చూస్తే భయం గదా అవ్వా, ఆదరణ ఎట్లా?" అంటుంది. వెంటనే జవాబివ్వకండి. గొర్రెలు కాసినవాళ్లయితే మంద మీదికి తోడేలొచ్చిన రాత్రి గుర్తు చేసుకోండి. కాపరి చేతిలో కట్టె ఎవరి మీదికి లేచింది? ఏండ్ల తరబడి నోటికొచ్చిన వచనమే, ఈ కోణం మాత్రం పిల్ల అడిగితేగానీ తట్టదు.

తెలియనిదానికి "తెలీదు, చర్చి అయ్యగారిని అడుగుదాం" అనండి, ఆ ప్రశ్నను కాగితం వెనకే రాయించండి. "అట్లా అడిగితే కండ్లు పోతాయి" అన్నారంటే మరి అడగదు. కొడుకూ కోడలూ వేరే సంఘానికి పోతుంటే బాప్తిస్మం తగాదా పిల్ల ముందు ఎత్తకండి.

చివర ప్రార్థన పిల్లదే. మనది ఇరుగుపొరుగునంతా చుట్టి వస్తుంది. ఆమెది "యేసయ్యా, మా కుక్క కాలు నయం చెయ్యి" అని ఒక్క మాటే. దానికి ఇంకేమీ కలపకుండా ఆమేన్ అనండి.